ఖివా మీనారు మెట్ల మీద

అత్తయ్యా, బాగిలా నమస్కారాలు. ఇద్దరం క్షేమం, కంగారు పడకండి.

రేపే విమానమని, చివరగా పెద్ద మీనారు ఎక్కాము. సగం ఎక్కాక, చీకటి మెట్ల మీద మీ అబ్బాయి గోడ పట్టుకుని ఆగిపోయారు. ఒళ్లంతా చెమట. వెనుక జనం, "కదలవయ్యా, ఎద్దులా అడ్డంగా నిలబడ్డావ్!" అని అరుపులు.

"ఊపిరాడట్లేదు బాగిలా. నువ్వు దిగిపో" అన్నారు.

"మిమ్మల్నిక్కడ వదిలేసి మీ అమ్మకేం చెప్పను?" అని కసిరాను. కింది మెట్టు మీద కూర్చుని, ఆయన పాదాలను చేతులతో పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపాను.

మీకు చెప్పవద్దన్నారు గాని ఇక దాచలేను. వసంతంలో ఆయన శిక్షణకు వెళ్లారని మీతో అన్నది అబద్ధం. గని కప్పు కూలి, రాత్రంతా మట్టి కింద ఉన్నారు. దెబ్బలు మానాయి, భయం మానలేదు. "నాన్న దిగిన గనిలోకి నేను దిగలేనంటే అమ్మ పిరికివాడంటుందేమో" అని, మీనారు దిగాక ఎండలో కూర్చుని ఏడ్చారు.

దారిలో అల్మాతీలో మా అక్క ఇంట్లో వారం ఆగుతాము. ఈలోగా ఈ కార్డు మీకు అందుతుంది. ఆవు ఈనిందా? మీకు ఎండు ఆప్రికాట్లు కొన్నాను. మేము గడప తొక్కగానే గని మాట ఎత్తకండి. "బతికొచ్చావు, అది చాలు నాన్నా" అనండి. నేను ఎన్నిసార్లు అన్నా ఆయనకు అది మీ నోట విన్నట్టు కాదు.

మీ కోడలు
బాగిలా