అమ్మ ఉపవాసం విడిచిన గ్లాసు

ఈవా,

అమ్మను లేపకు. లేచాక పెరుగన్నం పెట్టు, మంచినీళ్లు బాగా తాగించు. పక్కింటి బుచ్చమ్మగారిని తోడు కూర్చోబెట్టాను, నువ్వు రాగానే వెళ్తానన్నారు. ఫ్రిజ్‌లో ఉన్న స్టీలు జగ్గు సింకులో ఒంపేసి, రెండుసార్లు తోము.

అందులో ఉన్నది ఉత్త నిమ్మరసం కాదు. ఆఫీసు రాకేశ్ సింగపూర్ నుంచి తెచ్చిన టెకీలా అనే మందు కలిపాను. రాత్రి మా ఆఫీసువాళ్లు వస్తారు కదా. గ్లాసులో కాస్త పోసి, చిటికెడు ఉప్పు వేసి, పైన సోడా నింపితే చాలన్నాడు. తిడతావని నీకు చెప్పలేదు.

అమ్మ ఉపవాస ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నం వచ్చింది. ఎప్పుడూ నిమ్మసోడాతోనే విడుస్తుంది కదా. నేను స్నానం చేసి వచ్చేసరికి జగ్గులోది సగం గ్లాసు పోసుకుని, సోడా కలిపి చేతిలో పట్టుకుని ఉంది. లాక్కోవాల్సింది, లాక్కోలేదు. ఒక గుక్క తాగి "ఏంట్రా కిరణూ, ఇంత ఘాటుగా ఉంది?" అంది. సోడా ఘాటమ్మా అన్నాను. నా మాట నమ్మి మొత్తం తాగేసింది.

రాత్రికి ఎవరూ రారు, ఆఫీసుకి వెళ్లి నేనే చెప్పేస్తాను. మియాపూర్‌లో నేనెక్కాల్సిన బస్సు వచ్చే వేళయింది.

కిరణ్

ఇంకొకటి, పైన రాయలేకపోయాను. తాగబోయే ముందు అమ్మ గ్లాసు చేతిలో ఉండగానే కళ్లు మూసుకుంది. "నా కొడుకింట్లో మందు చుక్క అడుగు పెట్టనివ్వలేదు, నీకు స్తోత్రం ప్రభువా" అంది. ఆమెన్ అన్నది నేనే.