నాన్న బొమ్మల్లో పసుపు

అక్కా,

నా ఒంటికేం లేదు, కంగారుపడకు. ఈ కార్డు నాన్న కళ్ల గురించి. రిటైరయ్యాక నీళ్ల రంగులు పట్టుకుని ఆయన వేసి పంపిన మూడు బొమ్మలూ నా గదిలో గోడకి అంటించుకున్నాను. మొన్న వచ్చినదాని వెనక "పొద్దున్న మన వీధి" అని రాశాడు. కానీ వీధంతా టీ ఒలికినట్టు పసుపుగా ఉంది.

పాత కాగితమేమో అనుకున్నాను. ఈలోగా మా రంగుల కొట్టులో షేడ్లు కలిపే పెద్దాయన మీదికి ఒకావిడ గొడవకొచ్చింది. "నేనడిగింది లేత నీలం, నువ్విచ్చింది పాచి రంగు" అంది. "ముప్ఫయ్యేళ్లుగా కలుపుతున్నా, నాకు చెప్తావేంటమ్మా" అని ఈయన విసుక్కున్నాడు. డబ్బా మూత తీసి చూస్తే ఆవిడ మాటే నిజం. డాక్టరుకి చూపిస్తే శుక్లాలని, అవి ముదిరితే అన్నీ పసుపుగా కనపడతాయని అన్నాడట. బాగా ముదరబెట్టుకున్నాడు కాబట్టి నరం దెబ్బతిని ఒక కంటి చూపు ఇక రాదన్నాడట. పెద్దాయన పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు.

నువ్వు ఈ వారమే నాన్నని డాక్టరుకి చూపించు. బాగానే కనపడుతోందంటాడు, నమ్మకు. బ్రష్షులు లాగేసుకుంటారని ఆయన భయం. నాకు సెలవు దొరకలేదు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? బావ ఊళ్లోనే ఉన్నాడా?

నేను బడి మానేసినప్పటి నుంచీ నాన్న నాతో సరిగా మాట్లాడలేదు, ఒక్క ఉత్తరమూ రాయలేదు. ఈ బొమ్మలే వస్తున్నాయి. అవీ ఆగిపోతే ఆయన దగ్గర్నుంచి నాకింకేమీ రాదు.

అమ్మకీ బావకీ నమస్కారాలు. నాన్నకి కూడా చెప్పి, ఏ రంగులో వచ్చినా సరే ఇంకో బొమ్మ వేసి పంపమను.

నీ తమ్ముడు