గుండీల డబ్బాలో గింజలు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. మొదట ఈ మాట కనపడకపోతే మిగతాది చదవకుండా కంగారు పడతావు కాబట్టి రాశాను. అక్కా, కవలలిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మందులు మానలేదు. నీ మీద కోపం లేదు. “పురిటికి తల్లి వెళ్ళక ఎవరు వెళ్తారే” అని తనే నన్ను కసిరాడు. నేను వేళకే తింటున్నాను. నీ చెక్క గరిటెలు రెండూ పిట్టల పాలయ్యాయి, వచ్చాక తిట్టుదువుగాని.

చెయ్యి సంగతి అడిగావు. పక్షవాతం వచ్చి దర్జీ చేతిలో సూది నిలవకపోతే ఆ మనిషి ఎలా ఉంటాడో నీకు నేను చెప్పాలా? డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి విసిరేశాడు. “నేనేం చంటిపిల్లాణ్ణా?” అన్నాడు. అందుకే పిట్టల మేత మొదలుపెట్టించాను. మాంసం కొట్లో అడిగి తెచ్చిన కొవ్వు కరిగించి, నూకలు, కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు, దంచిన వేరుశనగలు కలిపి ముందు పెడతాను. ఉప్పు మాత్రం తగలనివ్వను. అది గట్టిపడేలోగా నాన్న కుడిచేత్తో ఉండలు చుట్టాలి. మొదట్లో అన్నీ చేతిలోనే చితికిపోయేవి. ఇప్పుడు రోజుకి రెండు గుండ్రంగా వస్తున్నాయి.

ఉల్లిపాయల వల సంచులు కత్తిరించి, ఉండలు పెట్టే చిన్న సంచులు కుట్టాను. మూతికి ముడి వేస్తానంటే ఒప్పుకోలేదు. “దర్జీ ఇంట్లో ముడులేంటే, పరువు తక్కువ!” అని కోట్లకు వేసే హుక్కులే కుట్టించాడు. నీళ్ళ సీసాకు కన్నాలు పెట్టి నీ గరిటెలు అడ్డంగా దూర్చాం. సీసాలో పోసిన గింజలు కొద్దికొద్దిగా గరిటె గుంటలోకి జారతాయి. అన్నీ పెరట్లో బట్టల తీగకు వేలాడదీశాం.

పిట్టలు రోజూ వచ్చి ఊడ్చుకుపోతున్నాయని పోయిన మూడు ఉత్తరాల్లోనూ రాశాను. అమ్మా, ఒక్క పిట్టా రాలేదు. పక్కింటి పిల్లి గోడ దిగితేగా!

వారం చూసి నాన్న గిన్నె పక్కకు నెట్టేశాడు. “చెయ్యీ పనికిరాలేదు, ఉండలూ పనికిరాలేదు” అన్నాడు. ఆ మర్నాటి నుంచి నేనే పిట్టనయ్యాను. తెల్లవారుజామున నాన్న లేవకముందే పెరట్లోకి వెళ్ళి, ఉండలు తీసి హుక్కులు మళ్ళీ పెట్టి, సీసా సగం ఖాళీ చేసి, అంతా టిఫిను డబ్బాలో ప్రెస్సుకు పట్టుకెళ్తున్నాను. అక్కడ వెనక వాకిట్లో పోస్తే పిచ్చుకలు తిని బలిశాయి. “ప్రూఫులమ్మ వచ్చింది, లేవండర్రా” అని బైండరు వాటిని పిలుస్తాడు. నవ్వుతాను. మధ్యాహ్నానికి మటుకు కళ్ళు మూతలు పడతాయి. మొన్న ఒక పేజీ అసలు చదవకుండానే దిద్దినట్టు సంతకం పెట్టి పంపాను. ఫోర్‌మన్ చూసి మళ్ళీ నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

పోయిన ఆదివారం లేవలేకపోయాను. మెలకువ వచ్చేసరికి ఎనిమిదయింది. పెరట్లోకి పరిగెత్తాను. సంచులు ఖాళీ, హుక్కులు పెట్టే ఉన్నాయి. నాన్న కిటికీ దగ్గర కూర్చుని, “ఏం తిన్నాయే ఇవాళ! నువ్వు కాసేపు పడుకోవే తల్లీ” అన్నాడు. నిజంగానే పిట్టలొచ్చాయని పొంగిపోయాను. ఇంకో రెండు రోజులు హాయిగా నిద్రపోయాను. హుక్కు పెట్టే పిట్టలుంటాయా అన్న ఆలోచన కూడా నాకు రాలేదు, చూడు ఎంత అలసిపోయానో.

బుధవారం కత్తెర కోసం మిషను సొరుగు లాగాను. ఆరు ఉండలు, పాత పేపరులో చుట్టి ఉన్నాయి. పక్కనే గుండీల డబ్బా. మూత తీస్తే నిండా గింజలు. ఇంకా చెంచా నోటిదాకా సరిగ్గా ఎత్తలేని మనిషి, హుక్కులు విప్పి మళ్ళీ పెట్టాడు. ఎన్నాళ్ళ నుంచి నన్ను కిటికీలోంచి చూస్తున్నాడో తెలియదు. సొరుగు మూసేసి, స్నానాల గదిలోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చాను. తనకేమీ చెప్పలేదు.

అక్క ఇంకో రెండు నెలలు ఉండమంటోంది, ఉండనా అని అడిగావు. ఉండు, మాకేం ఇబ్బంది లేదని రాద్దామనే కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. పైన క్షేమం అని రాసినదాంట్లో నాన్న సంగతి నిజం. నా సంగతి అబద్ధం. అక్కకు కోపం వస్తే రానీ. వచ్చెయ్యమ్మా.

కింద జాగా వదిలాను. పైభాగం మడిచి ఇస్తాను, నాన్న ఒక ముక్క రాసి తనే అంటిస్తానన్నాడు. “మీ ఆడవాళ్ళ ఉత్తరాలు నేనెప్పుడు చదివాను?” అంటున్నాడు.

ఇట్లు,
నీ రెండోది

ఏమేవ్,

కుడిచేత్తోనే రాస్తున్నా, వంకరలు చూసి నవ్వకు. చిన్నది బాగా నలిగిపోయింది. బాగానే ఉన్నానని రాసి ఉంటుంది, నమ్మకు. పెద్దదానికి నచ్చజెప్పి వచ్చెయ్యి. పిట్టల పని నేను చూసుకుంటున్నా. దానికి తెలీదు, చెప్పకు.