పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆగిన బండి

మంగళవారం, రాత్రి

డెకరేషన్ పూలతో వెళ్తుంటే నా పాత పికప్ బండి మళ్ళీ పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కలేక ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. పూలు దించేసి నేరుగా అమీర్‌పేటలో మెకానిక్ యాదగిరి షెడ్డుకు పోనిచ్చాను.

"బండిల ఏం లేదు మేడం. మీకే క్లచ్ సరిగ్గ తొక్కొస్తలేదు," అన్నాడు. ఎప్పుడు వెళ్ళినా అదే మాట!

ఒళ్ళు మండిపోయింది. "అయితే మీరే నడపండి," అని తాళాలు చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాను. అదే ఫ్లైఓవర్ మీద, అతని చేతిలోనూ ఆగిపోయింది.

షెడ్డుకు తిరిగొచ్చాక బండి కిందికి దూరాడు. డీజిల్ పైపు పాతబడి మెత్తబడిందట. ఇంజిన్ గట్టిగా లాగినప్పుడల్లా అణిగిపోయి డీజిల్ అందడం లేదట. పైపు మార్చాక బండి ఫ్లైఓవర్ హాయిగా ఎక్కేసింది.

కానీ అతను, తప్పు నాది కాదని ఒక్క ముక్క అనకుండా, నా ముందే మా ఆయనకు ఫోన్ చేశాడు. "అన్నా, బండి మంచిగ చేసిన. ఇగ ఫికర్ లేదు."

బండి నాది. నడిపేది నేను!

ఇందాక అన్నం వడ్డిస్తుంటే ఆయన అన్నారు, "ఇకనుంచైనా క్లచ్ జాగ్రత్తగా తొక్కు."

గరిటె గిన్నెలోనే వదిలేసి లేచి వచ్చాను.