కట్టు కింద ఏముందో

3 మార్చి 2026, మంగళవారం

ఏది రాసినా ముందు అందరి క్షేమం అడగాలని నాలుగో తరగతిలో సిస్టరమ్మ నేర్పింది. ఆ తరవాత బడికి పోలేదు. మైలవరంలో మా అబ్బాయి యేసుబాబు బీపీ తగ్గిందా? కోడలు స్టెల్లా నడుంనొప్పి ఎలా ఉంది? వాళ్ళమ్మాయి ఏంజెల్ మా దగ్గరే ఉండి చదువుకుంటోంది, రాత్రి దగ్గింది, ఇప్పుడెలా ఉందో. నా మోకాళ్ళు ఉన్నాయి. ఆయన కాలు ఎలా ఉందని అడగడానికే భయం.

ఇవాళ డాక్టరుగారు ఆయన అరికాలి పుండు గీకి, మెత్తటి పట్టీ వేసి కట్టు కట్టారు. వచ్చే మంగళవారం దాకా విప్పొద్దన్నారు. తగ్గకపోతే మోకాలి కిందికి తీసెయ్యాలట. ఆయన నవ్వి, ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఇది బ్రేకు కాలండీ, కావాలంటే క్లచ్చు కాలు తీసుకోండి అన్నారు. నాకు నవ్వు రాలేదు.

4 మార్చి, పొద్దున ఆరు

విప్పాను. చల్లపల్లిలో మా అమ్మ మడమ పుండుకి కట్టు కట్టి పది రోజులు వదిలేశారు. విప్పింది నేనే. తొమ్మిదేళ్ళు నాకు. లోపల పురుగులు.

ఆయన నిద్రలో ఉన్నారు. షుగరుకి అరికాలు మొద్దుబారింది, లేవలేదు. అంటుకుపోయిన చోట లాగాను. పురుగులు లేవు. మాతకి స్తోత్రం. మళ్ళీ డాక్టరుగారి ముడిలాగే ముడేశాను.

5 మార్చి

విప్పాను.

6 మార్చి

విప్పాను. నిన్న అంచు గులాబీ రంగులో ఉంది. ఇవాళ లేదు.

8 మార్చి, ఆదివారం

పూజకి పోలేదు. మాత ముఖం ఎలా చూడను? ఆయన షుగరు తగ్గాలని, గుణదల తిరునాళ్ళకి ఇద్దరం చెప్పుల్లేకుండా కొండెక్కుతామని మొక్కుకున్నది నేను. పోయిన నెల ఎక్కుతుంటే మెట్టు మీద రక్తం చూసి, అయ్యో ఎవరిదో పాపం అన్నాను. ఆయనదే. గాజుపెంకు దిగినా ఆయనకి తెలియలేదు.

10 మార్చి, మంగళవారం

పుండు పెద్దదయింది. డాక్టరుగారు మళ్ళీ గీకి కట్టారు. పెద్దావిడ జాగ్రత్తగానే చూసుకుంటున్నారు, అయినా మానట్లేదు, ఇక లాభం లేదు, శుక్రవారం వచ్చి చేరండి అన్నారు. నేను తలొంచుకున్నాను.

11 మార్చి

ఏంజెల్ ఎమ్మెస్సీ బయోటెక్కు. పుండు ఎందుకు మూసుకోదే అని అడిగాను. కొత్త చర్మం ఊరికే రాదు నానమ్మా, అంచున ఉన్న కణాలు పెరిగి లోపలికి నడిచి రావాలి అంది. నడవాలంటే పట్టుకోవడానికి ఫైబ్రోనెక్టిన్ అని ఒక పోగు కావాలట. పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నాను. మన దొండపాదుకి పందిరిలాగానా అంటే, అలాగే అంది.

మానని పుండులో ఊరే రసం ఆ పోగుల్ని తెంచేస్తుందట. తెగిన ముక్కలు ఊరుకోవట. నిండు పోగు పట్టుకో, రా అంటుంది. కొన్ని ముక్కలు వదులు, తెంచు అంటాయి. అది విని కణాలు ఆ రసం ఇంకా ఊరుస్తాయట. మంచి ముక్కలూ ఉన్నాయిలే, కొన్ని పెరగమనీ నడవమనీ చెబుతాయి, అన్నీ ఒకటి కాదు అంది. పాడైనదంతా పోవాలనే డాక్టరు గీకేది. ఆ తరవాత కదపకుండా ఉంటే కొత్త పోగు పడుతుంది. అంటుకున్న గుడ్డ లాగితే పోగూ పోతుంది, పట్టుకున్న కణాలూ పోతాయి అంది.

ఇవాళ పొద్దునతో కలిపి ఏడుసార్లు. పందిరి పీకింది నేనే.

12 మార్చి

చెబితే యేసుబాబు నా ముఖం చూడడు. చెప్పకపోతే కాలు పోతుంది. జాగ్రత్తగా చూసుకున్నా మానలేదనే కదా తీసేస్తున్నది. చూసుకోలేదని నాకొక్కదానికే తెలుసు.

ఫాదరుగారికి పాపసంకీర్తనం చేద్దామని వెళ్ళి, వరసలో నిలబడి వెనక్కొచ్చాను. ఫాదరుగారికి చెబితే పాపం పోతుంది. కాలు నిలబడదు.

13 మార్చి, శుక్రవారం

చెప్పాను. నర్సు డయానా కాగితాల మీద సంతకం పెట్టమంటే పెన్ను కిందపెట్టి, రోజూ నేనే విప్పానండీ అన్నాను. ఏడ్చాను. డాక్టరుగారు కట్టు విప్పి చూశారు. చదువుకోకపోతే పోయె, చెప్పిన మాటైనా వినొద్దా అమ్మా అన్నారు. ఎముకదాకా పోలేదు, జ్వరం లేదు, ఒక్క వారం చూద్దాం, మాట ఇవ్వలేను అన్నారు.

ఆయన నన్నే చూస్తున్నారు. తిడతారనుకున్నాను. డాక్టరుగారూ, కాలికొద్దు, మా తెరేసమ్మ చేతులకి కట్టండి అన్నారు.

మోకాలి దాకా సిమెంటు కట్టు వేశారు. మిషనుతో కొయ్యాలి గాని నా గోళ్ళకి రాదు. డయానా దాని మీద విప్పే తేదీ రాసింది.

15 మార్చి

వాసన వస్తోందా? ముక్కు ఆనించి చూశాను. తెలియడం లేదు. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని పదిసార్లు నుదురు ముట్టుకున్నాను. ఈ కట్టుకి పైన బాలశౌరి అనే నీ మొగుడు కూడా ఉన్నాడే అన్నారు ఆయన.

17 మార్చి

కట్టు కింద ఉన్న వాళ్ళంతా ఎలా ఉన్నారు? పట్టు దొరికిందా? నడుస్తున్నారా? నేను రాను, భయపడకండి. శుక్రవారం, 20వ తేదీ, పదిన్నరకి అందరం వస్తాం.