మాబక్క బావిలోని నీళ్ళు

శ్రీ సత్యసాయి జిల్లా, కదిరి దగ్గర దిన్నెమీదపల్లె కాపురస్తుడు, కీర్తిశేషులు పెద్ద నరసప్ప గారి కుమారుడు, యాభై ఎనిమిదేళ్ళ తిమ్మప్ప అనే నేను, ప్రస్తుతం ఖతర్ దేశంలో అల్ రయ్యాన్‌లోని కంపెనీ క్యాంపులో ఉంటూ, సొంత బుద్ధితో, సొంత చేతిరాతతో రాసి ఉంచిన వీలునామా ఇది. నా తల సరిగ్గానే ఉంది. చెడింది గుండె ఒక్కటే. వచ్చే ఆదివారం దానికి ఆపరేషన్. ఇది రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు, తాగించలేదు. అల్ ముంతజాలో తెలుగు టైపు చేసిపెట్టే మనిషి ఉన్నాడు. కానీ ఇందులోని నాలుగో అంశాన్ని పరాయివాడి చేత కొట్టించడానికి సిగ్గేసి నేనే రాసుకున్నాను.

ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత నా కుమారుడు గిరిది. వాడు దీన్ని వాళ్ళమ్మ ఎదుట మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. ఏదీ మింగకూడదు.

1. దిన్నెమీదపల్లెలోని నా కష్టార్జితమైన ఇల్లు, దొడ్డితో సహా, నా భార్య శివకుమారికి చెందుతుంది. ఆమె జీవించినంత కాలం సర్వహక్కులతో అనుభవించి, ఆ తర్వాత గిరికి ఇచ్చుకోవచ్చు. తూర్పు గదిలోని బీరువా సంగతి నేను రాయడం లేదు. దాని తాళం ఎక్కడ పెడుతుందో పెళ్ళైనప్పటి నుంచీ నాకు చెప్పలేదు కనుక, అందులోని వస్తువుల మీద నాకు హక్కుందని నేను అనుకోవడం లేదు.

2. రోడ్డు కింది చేను గిరికి. మల్బరీ వేసుకుంటాడో, టమాటా వేసుకుంటాడో వాడి ఇష్టం. ఆ చేనిలోని బోరు మాత్రం ఈ అంశంలో చేరదు. గిరీ, ఇక్కడ ఆపి కోప్పడకు. నాలుగో అంశం దాకా ఓపిక పట్టు.

3. క్యాంపులో నా ఫ్లాస్కు, ఎండ టోపీ, ఇస్త్రీ పెట్టె గదిలో ఎవరికి అవసరమైతే వారు తీసుకోవచ్చు. దుప్పటి మాత్రం పక్క మంచం ఉమైర్‌కు ఇవ్వకూడదు. అడక్కుండానే ప్రతి చలికాలం కప్పుకున్నాడు, అతని వాటా అతనికి ఎప్పుడో ముట్టింది. మా ఇంజనీరు, హైదరాబాదు వాస్తవ్యులు ఇక్రాముద్దీన్ సారుకు ఏదైనా ఇవ్వాలని ఉంది. నా చేతిలో ఇన్నేళ్ళూ ఉన్న వస్తువు కొలత టేపు ఒక్కటే, అది కంపెనీది.

4. ఇది బోరు గురించి.

మా ఊళ్ళో నన్ను కువైట్‌లో నీళ్ళ ఆఫీసరు అని చెప్పుకుంటారు. దేశమూ తప్పే, ఉద్యోగమూ తప్పే. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ వైపు తోటల్లో బావులు ఉన్నాయి. సారుతో కలిసి తిరిగి, బావి మూత తీసి, లోపలికి టేపు వదలడం నా డ్యూటీ. టేపు కొసకు నీళ్ళు తగలగానే రీలు కూత పెడుతుంది. ఎంత లోతులో కూసిందో నేను చెబుతాను, సారు రాసుకుంటాడు. ఏటికేడాది ఆ కూత కిందికి పోతోంది, వచ్చే నీళ్ళు ఉప్పగా మారుతున్నాయి.

రెండేళ్ళ కిందట ఒక పరీక్ష పెట్టారు. ఒక తోటలో మోటరు ఆపకుండా నడిపి, పక్క తోటలో ఎవరూ వాడని బావిలో నీళ్ళు ఏమవుతాయో చూడాలి. మోటరు దగ్గర షఫీ ఉన్నాడు, బావి దగ్గర నేను. షఫీ మా ఊరి మాబున్నీసా, అంటే మా మాబక్క, కొడుకు, కంపెనీ పికప్ నడుపుతాడు, నన్ను మామా అంటాడు. నా ముందున్న బావిలో బకెట్ ముంచినవాడు లేడు. అయినా నీళ్ళు దిగిపోతూనే ఉన్నాయి. అవతల షఫీ మోటరు ఆపాక మెల్లగా మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాయి. అతను ఫోను చేసి, "మామా, నీ పక్క ఏమన్నా తెలుస్తాందా?" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పాను. ఎందుకు అబద్ధమాడానో ఆ క్షణంలోనే నాకు తెలుసు.

మా చేనికీ మాబక్క చేనికీ మధ్య ఒక గట్టే అడ్డం. అవతల ఆమె భర్త తవ్వించిన రాతికట్టు బావి ఉంది. నేను ఇక్కడ సంపాదించి లోతుగా బోరు వేయించాక, రెండు వేసవులు తిరగకుండానే ఆ బావి ఎండింది. ఆమె నసీబు అంతే అని ఊరంతా అనుకున్నారు. నేనూ అన్నాను. మా శివకుమారి జాలిపడి, మా బోరు దగ్గర బిందెలు నింపుకోమంది. మాబక్క ఆ మేలు మరిచిపోలేదు. షఫీ లీవుకు పోయి వచ్చిన ప్రతిసారీ, నీళ్ళిచ్చిన తమ్ముడికి అని చెప్పి నాకొక జాడీ చింతకాయ తొక్కు పంపింది. ఆమె నీళ్ళు లాగేసుకుని, అందులోంచి రెండు బిందెలు ఆమెకే పోసి, పైగా ఆమె చేత తొక్కు పెట్టించుకున్నవాణ్ణి నేను. పరీక్షకు ముందు తెలియక తిన్నాను. పరీక్ష తర్వాత కూడా జాడీ వచ్చింది. అదీ తిన్నాను. వేళ్ళు నాక్కుంటూ తిన్నాను.

తప్పించుకునే దారి కోసం సారును అడిగాను. ఇక్కడిది సున్నపురాయి, మాది నల్లరాయి, మా దగ్గర అలా జరగదు కదా అన్నాను. జరగదని అంటాడేమోనని ఎంత ఆశపడ్డానో. పగుళ్ళు కలిస్తే ఏ రాయైనా ఒకటే అని చెప్పి, "గట్లు పైన మనం ఏసుకున్నం తిమ్మప్పా, కింద గోడల్లెవ్వు" అన్నాడు.

పోయిన ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ కాలి మా వైపు చేలకు వారం పైగా కరెంటు లేదు. ఆ వారంలో మాబక్క బావిలో నీళ్ళు ఊరాయి. ఆమె దర్గాకు పోయి చక్కెర మీద ఫాతెహా చదివించి వీధంతా పంచింది. మొదటి పిడికెడు మా ఇంటికే ఇచ్చింది. కరెంటు వచ్చింది, మా మోటరు తిరిగింది, ఆమె నీళ్ళు పోయాయి. మొక్కులో ఏదో లోపం చేశానని ఆమె ఏడుస్తోందని శివకుమారి ఫోనులో చెప్పింది. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. నేను భోంచేశావా అని అడిగాను.

కనుక నా తదనంతరం, సదరు బోరు, మోటరు, స్టార్టర్ పెట్టె, దాని తాళంచెవితో సహా మాబున్నీసా స్వాధీనం కావాలి. ఆమె బావి ఊరేదాకా మోటరు ఆపి ఉంచాలి. తర్వాత అది ఎంతసేపు తిరగాలో ఆమె చెప్పినట్టు జరగాలి. గిరికి నీళ్ళు కావాలంటే ఆమె గడప దగ్గరకు పోయి అడగాలి. దీన్ని దానమనీ, తిమ్మప్ప మంచితనమనీ ఎవరూ అనకూడదు. అలా అన్నవాళ్ళు ఈ వీలునామాను ధిక్కరించినట్టే.

5. తొక్కు వచ్చిన జాడీలన్నీ కడిగి నా మంచం కింద పెట్టాను. అవి షఫీ ద్వారా వాళ్ళమ్మకు చేరాలి. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెను ఉత్త చేతులతో వెనక్కి పంపకూడదని మా అమ్మ చెప్పేది. ఇన్నాళ్ళూ అవి ఇక్కడ ఉండిపోవడానికి కారణం అదే. ఏం పోసి పంపాలో నాకు తోచలేదు.

6. నేను ఇక్కడే పోయి, శవం ఊరికి చేరితే, నాకు స్నానం చేయించడానికి మా బోరు నీళ్ళు వాడవద్దు. ట్యాంకరు తెప్పించండి.

ఇక్కడిదాకా రాసి, సాక్షి సంతకానికి షఫీని పిలిచాను. సాక్షి లోపల ఏముందో చదవనక్కర లేదు, నేను సంతకం చేయడం చూస్తే చాలని సారు చెప్పాడు. ఆ ధైర్యంతోనే పిలిచాను. కాగితాలు మడిచి కింది భాగం ఒక్కటే అతని ముందు పెట్టబోయాను, నా వల్ల కాలేదు. విప్పి చేతికిచ్చాను.

షఫీ మంచం మీద కూర్చుని అంతా చదివాడు. పరీక్ష రోజునుంచే తనకు తెలుసన్నాడు. నేను ఏమీ లేదన్న సాయంత్రమే పికప్‌లో సారు కొలతలు చదివి వినిపించాడట. నేనంతట నేనే చెబుతానేమోనని చూశాడట. ఇంతకాలం మామా అని పిలుస్తూ, జాడీలు మోసుకొస్తూ చూశాడు. తర్వాత కాగితం ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"నువ్వు సచ్చేదాంకా మాయమ్మ ఎందుకు కాసుకోనుండల్ల మామా? మోటరు ఈ పొద్దు ఆపితే ఆగదా?"

వీలునామా ఎంత సుఖమైన కాగితమో అప్పుడు తెలిసింది. చదివేనాటికి రాసినవాడి ముఖం ఎవరూ చూడనక్కర లేదు.

కనుక నాలుగో అంశంలో "నా తదనంతరం" అన్న చోట గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఇది చట్టానికి ఒప్పుతుందో లేదో వకీళ్ళు చూసుకుంటారు. శివకుమారికి ఫోను చేసి మోటరు ఆపమన్నాను. ఎందుకని అడిగితే మొత్తం చెప్పాను. వెనక గిరి, తోట ఎండిపోతుందమ్మా అంటున్నాడు. వాడి మాటా అబద్ధం కాదు. కాసేపటికి స్టార్టర్ పెట్టె తలుపు కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత మోటరు ఆగిపోయిన చప్పుడు వినిపించాయి. శివకుమారి ఫోను పెట్టేసింది.

సంతకాలు కాగానే మాబక్కకు కలుపుతానని షఫీ ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఎత్తగానే ఏమంటుందో నాకు తెలుసు. బాగుండావా తమ్ముడా, నీ చలవతో నీళ్ళు తాగుతాండాము అంటుంది. ఎప్పుడూ అదే అంటుంది. ఈసారి ఆమెను ఆ మాట పూర్తి చేయనివ్వకూడదు.

అల్ రయ్యాన్, గురువారం, 13 నవంబరు 2025.

(సంతకం) పి. తిమ్మప్ప

తిమ్మప్ప మా కళ్ళ ముందు సంతకం చేశాడని ఎరిగిన సాక్షులు:

1. షఫీ, మాబున్నీసా కొడుకు, డ్రైవరు, దిన్నెమీదపల్లె. చదివి సంతకం చేశాను.

2. ఇక్రాముద్దీన్, ఇంజనీరు, హైదరాబాదు. చదవకుండా సంతకం చేశాను.