మావయ్యకి నప్పే కోటు

పిచ్చుకకి,

మావయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. నా బట్టల సంగతే క్షేమంగా లేదు, అందుకే ఈ ఉత్తరం. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ వేరే పని చేసుకుంటావు. ఉత్తరమైతే చదవక చస్తావా!

మా బ్యాండు మూతపడింది. ముప్పై ఒక్క ఏళ్లు క్లారినెట్ ఊదాను. అన్నేళ్లూ అదే ఎర్రకోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, మెడ చుట్టూ అట్టలాంటి కాలరు, పొట్ట మీద పద్దెనిమిది ఇత్తడి గుండీలు. మా బ్యాండు మాస్టారు కోట్లన్నీ వెనక్కి తీసుకుని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేశాడు. సరే, పోనీ అనుకున్నాను. ఇంతలో లైబ్రరీ మీద హాలుంది చూడు, దాని సెక్రటరీ ఇంటికొచ్చాడు. "వచ్చే నెల ఇరవయ్యో తారీఖున మీరొక్కరే గంటసేపు వాయించాలి" అన్నాడు. ఒక్కణ్ణే! ఇన్నాళ్లూ ముందు డ్రమ్ములవాడు, వెనక బాకాలవాడు ఉండేవాళ్లు. నేను తప్పు ఊదితే అది వాళ్ల ఖాతాలో పడేది.

ఒప్పుకున్నాను. ఆయన వెళ్లాక బీరువా తెరిచాను. సగం బట్టలు మీ అత్తయ్య కొన్నవి, సగం మీ నాన్న ఇక్కడ మర్చిపోయి వెళ్లినవి. నేనుగా ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఏభై ఎనిమిదేళ్లు ఎవరి బట్టల్లో తిరిగానో ఏమిటో!

నువ్వు సినిమా కంపెనీలో హీరోలకి బట్టలేస్తావు కదా. ఏం వేసుకుంటే నేను నాలా ఉంటానో కాస్త చెప్పు తల్లీ.

ఇట్లు,
కోటు పోయిన నీ మావయ్య

తా.క. మీ అత్తయ్యని అడిగితే, "మీరెలాగూ కళ్లు మూసుకునే వాయిస్తారు, మీకేం? పాపం, చూసేది మేం కదా" అంది.

---

మావయ్యకి నమస్కారాలు,

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. చొక్కా ఒకటి మాడింది. పర్లేదు, అది విలన్ తమ్ముడిది.

ఫలానా చొక్కా వేసుకో అని నేను చెప్పను. చెబితే అది నా ఇష్టమవుతుంది. నువ్వే వెతుక్కోవాలి. ముందు మూడ్ బోర్డు పెట్టు. మా డిజైనర్ మేడం ఏ పని మొదలెట్టినా ముందు చేసేది అదే. బోర్డు చూడగానే నీ మూడ్ ఏమిటో ఎవరికైనా తెలిసిపోవాలి. తర్వాత సినిమాలు చూడు. కథ వదిలేసి బట్టలు చూడు. ఎవరి దగ్గర నీ కన్ను ఆగిపోతుందో గుర్తుపెట్టుకో. పాట వింటున్నప్పుడు, ఈ పాటే మనిషైతే ఏం తొడుక్కుని వస్తుందా అని ఆలోచించు.

ఇంకొక్కటి. ఒంటి మీద ఒక్క వస్తువే మాట్లాడాలి, మిగతావన్నీ వినాలి. ఇది మర్చిపోకు.

డైరెక్టర్ గారు పిలుస్తున్నారు. పిలవడమంటే అరవడం.

ప్రేమతో,
పిచ్చుక

తా.క. ఏడేళ్లుగా నేను రోజూ నల్ల టీ షర్టే వేసుకుంటున్నానన్న సంగతి అత్తయ్యకి చెప్పకు. సలహా విలువ పోతుంది.

---

పిచ్చుకకి,

దీవెనలు. నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాను.

గేటుకి మూడ్ బోర్డు పెట్టాను. నల్లపలక, సుద్దముక్క. మొదటిరోజు "నేటి మూడ్: పరవాలేదు" అని రాశాను. రెండోరోజు "మోకాలి నొప్పి. కాస్త చిరాకు." ఎదురింటి హెడ్‌మాస్టరు గారు పొద్దున్నే నడకకి వెళ్తూ ఆగి, కళ్లజోడు సర్దుకుని చదివి, "నిన్నే నయం" అని వెళ్లిపోయారు. మూడోరోజు నేను లేచేసరికి నా రాత కింద ఇంకో రాత ఉంది: "పై చిరాకుకి కారణం నేను కాదు. ఇట్లు, ఇంటావిడ." ఆ రోజు వీధి వీధంతా మా గేటు దగ్గరే ఆగింది. కానీ అమ్మలూ, దీనివల్ల నాకు ఏ బట్టలు నప్పుతాయో ఇంకా తెలియలేదు.

ఒక్క వస్తువే మాట్లాడాలన్నావు. ఆ ఇబ్బంది లేదు, నా చెప్పులు కిర్రుకిర్రుమని మాట్లాడతాయి. మొన్న లైబ్రరీలో స్వరాల పుస్తకం కోసం వెళ్తే అక్కడి మేడం గోడ మీద "నిశ్శబ్దం" అన్న అక్షరాలు చూపించింది. "ఈ చెప్పులే మాట్లాడతాయండీ, మిగతావన్నీ వింటాయి" అని చెప్పాను. బయటికి దారి చూపించింది.

సినిమాలు పది చూశాను. నువ్వన్నట్టే కథ వదిలేశాను. ఒకచోట కన్ను ఆగిపోయింది. మోకాళ్లదాకా నల్లకోటు, నల్లటోపీ, నల్లకళ్లద్దాలు. ఆహా! మూలమీది దర్జీ చేత అచ్చం అలాగే కుట్టించి వేసుకుని పోస్టాఫీసుకి వెళ్లాను. వరసలో పదకొండు మంది ఉన్నారు. నన్ను చూసి పదకొండు మందీ పక్కకి జరిగారు. గుమాస్తా డబ్బులు కూడా అడక్కుండా స్టాంపులు ఇచ్చేశాడు. బట్టల్లో ఇంత మహత్తుందని ఇన్నాళ్లూ తెలీదు!

ఇట్లు,
నల్లకోటు మావయ్య

తా.క. నేను అత్తయ్యని. ఆ నల్లకోటు మనిషి ఆ సినిమాలో పదిహేడుమందిని చంపాడట. కథ వదిలెయ్యమన్నది నువ్వేనటగా? మీ మావయ్య ఇంట్లో కూడా కళ్లద్దాలు తియ్యట్లేదు. నిన్న హ్యాంగరుకి తగిలించిన చొక్కాని "కూర్చోండి" అన్నారు.

---

మావయ్యకి నమస్కారాలు,

అయ్యో మావయ్యా! మూడ్ బోర్డు అంటే అది కాదు. నీకు నచ్చిన బొమ్మలు, గుడ్డముక్కలు, రంగులు ఒక అట్ట మీద అంటించి గదిలో పెట్టుకోవడం. గేటుకి కాదు! తప్పు నాదే, విడమరిచి రాయలేదు. ఆ నల్లకోటు వెంటనే విప్పెయ్యి. ఒక మనిషిని నెత్తి నుంచి కాళ్లదాకా దింపుకోకూడదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే తీసుకో. ఒకరి టోపీ, ఇంకొకరి నడక, ఒక పాటలోంచి ఒక రంగు.

ఇక్కడ నా పరిస్థితీ అంతంతమాత్రమే. డిజైనర్ మేడం డైరెక్టర్ గారితో గొడవపడి వెళ్లిపోయింది. భారమంతా నా నెత్తిన పడింది. కథలో హీరో గడియారాలు బాగుచేసే మనిషి. అతనికి పదకొండు కోట్లు వేసి చూపించాను. పదకొండూ వద్దన్నారు. "షాపు ముందు నిలబెట్టిన బొమ్మలా ఉన్నాడు. ఇందులో మనిషేడీ?" అని కేకలు. నెలాఖరులోగా ఆ మనిషిని చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. ఏడేళ్ల పని మావయ్యా. గుండీలు కుట్టడంతో మొదలుపెట్టాను.

దిగులుతో,
పిచ్చుక

తా.క. నీ ఉత్తరం ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు డైరెక్టర్ గారి గది తలుపుకి కూడా పలక వేలాడుతోంది. పొద్దున్న "మూడ్: మీకే తెలుస్తుంది" అని రాశారు.

---

పిచ్చుకకి,

దీవెనలు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే తీసుకున్నాను. గుర్రాల సినిమాలోంచి టోపీ, డాన్సు సినిమాలోంచి తెల్లబూట్లు, పాత గాయకుడి ఫోటోలోంచి మెడకి చుక్కల రుమాలు, ఒక జానపద పాట వింటే తోచిన చిలకాకుపచ్చ చొక్కా, నడక మాత్రం ఒక పోలీసాఫీసరుది. అన్నీ ఒకేసారి వేసుకుని రిహార్సలుకని హాలుకి వెళ్లాను.

సెక్రటరీ నన్ను ఎగాదిగా చూసి, "మ్యాజిక్ షో శనివారం కదండీ? కుందేల్ని తెచ్చారా?" అన్నాడు.

నేను క్లారినెట్ అని చెప్పాను. ఆయన నాలుక్కరుచుకున్నాడు. నవ్వేసి వచ్చాను గానీ, దారంతా మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఎర్రకోటులో ముప్పై ఒక్క ఏళ్లు నన్నెవరూ చూడలేదు. ఇప్పుడు చూశారు, కానీ నన్ను కాదు. వాయించడం మానుకుంటానని కబురు చేద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

ఇట్లు,
మావయ్య

తా.క. మళ్లీ అత్తయ్యనే. ఒంటి మీద ఒక్కటే మాట్లాడాలన్నావు, ఈయన ఒంటి మీద సంతే జరిగింది. కానీ వచ్చిన దగ్గర్నుంచి క్లారినెట్ పెట్టె తెరవలేదు. ఇది హాస్యానికి రాయట్లేదు. తొందరగా జవాబు రాయి.

---

మావయ్యా,

క్షేమసమాచారాలు తర్వాత. కబురు చెయ్యకు, చేస్తే నా మీద ఒట్టే.

నేను నీకు చెప్పినవన్నీ మేడం నోట విన్నవే. సినిమాలు చూడమన్నాను, పాటలు వినమన్నాను. నిన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను: ఆ ఎర్రకోటు వేసుకుని వాయించేటప్పుడు నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉండేది? అందంగా ఉండేదా లేదా అని కాదు. ఎక్కడ పట్టేసేది, ఎక్కడ అడ్డొచ్చేది. అది దర్జీగారికి చెప్పు. మిగతాది ఆయన చూసుకుంటారు.

నీ
పిచ్చుక

తా.క. అత్తయ్యా, చెప్పుల్లో నూనె చుక్క వెయ్యి.

---

పిచ్చుకకి,

బోలెడన్ని దీవెనలు. నువ్వడిగిన ప్రశ్న ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. దర్జీ దగ్గర కూర్చుని ఏకరువు పెట్టాను. కాలరు గొంతుకి అడ్డం, పై స్వరానికి వెళ్లేసరికి ఊపిరి తెగేది. చేతులు పొడుగు, వేళ్ల మీదికి జారేవి. జేబుల్లేవు, క్లారినెట్ తుడుచుకునే గుడ్డ బూటులో దోపుకునేవాణ్ణి.

ఆయన నోట్లో గుండుసూదులు. అన్నీ తీసి పక్కన పెట్టి, "క్లారినెట్ తెచ్చి వాయించండి" అన్నాడు.

వాయిస్తుంటే ఒక్కో గుడ్డా నా భుజాల మీద వేసి చూస్తున్నాడు. పట్టు, నూలు, గళ్లది, చారలది. మీ అత్తయ్య స్టూలు మీద కూర్చుని గమనిస్తోంది. ఏడో గుడ్డకి చెయ్యెత్తి, "ఇదే" అంది.

"ఎందుకని?"

"ఇందాకట్నుంచీ భుజాలు సర్దుకుంటూనే ఉన్నారు. ఇది వేశాక వేసినట్టే మర్చిపోయారు."

అది ఎవరో సోఫా కవర్లకిచ్చి మళ్లీ రాని గుడ్డట. తడిమట్టి రంగు. కాలరు లేకుండా, చేతులు మణికట్టుకి నాలుగు వేళ్లంత పైకి, ఎడమవైపు ఒక్క లోతు జేబు పెట్టి కుట్టాడు. అందులో నా పసుపు గుడ్డ పెట్టుకున్నాను. సగం బయటికి వేలాడుతుంది, చేతికి అందాలి కదా మరి.

నిన్ననే కచేరీ. అరవైమంది దాకా వచ్చారు. ఇన్నేళ్లూ సగంలో తెగిపోయిన ఆ పై స్వరం ఉంది చూశావూ, ఊపిరున్నంతసేపూ నిలబెట్టాను. నిలబెట్టి కళ్లు తెరిచాను. ముందు వరసలో మీ అత్తయ్య కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందేమో అనుకున్నాను. కాదు.

ఫోటో పంపుతున్నాను.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. సెక్రటరీ వచ్చి, "మీరు ఎప్పుడూ ఇలాగే ఉండేవారు కదూ" అన్నాడు. అవునన్నాను.

---

మావయ్యకి నమస్కారాలు,

ఫోటో చూసి ఏడ్చాను. ఎందుకన్నది ఇప్పుడు చెప్పను. దర్జీగారితో మాట్లాడి అచ్చం అలాంటి కోటే ఇంకొకటి కుట్టించి పంపించు. ఛాతీ నలభై రెండు, పొడుగు మూడంగుళాలు ఎక్కువ. చాలా తొందర. ఎవరికని మాత్రం అడగొద్దు.

ప్రేమతో,
పిచ్చుక

తా.క. అత్తయ్యకి అసలే చెప్పొద్దు.

---

పిచ్చుకకి,

దీవెనలు. కోటు పంపి ఆరు నెలలైంది. ఈ ఆరు నెలల్లో నీ నుంచి వచ్చినవి రెండు కార్డులు. రెండింట్లోనూ "పని ఎక్కువ" తప్ప ఇంకో ముక్క లేదు. అత్తయ్యకి చెప్పొద్దన్నావు, నేను చెప్పలేదు. ఉత్తరం బల్ల మీద పెట్టానంతే. ఛాతీ నలభై రెండు ఉన్న అబ్బాయెవరా అని ఆవిడ కుమిలి కుమిలి, నెల తిరక్కుండానే మీ అమ్మ చెవిన వేసింది. మీ అమ్మ పెళ్లికి హాలు కూడా చూసి, అడ్వాన్సు ఇచ్చొచ్చింది.

మొన్న మీ సినిమాకి వెళ్లాం. తెర తొలగింది. గడియారాల కొట్టు. తలుపు తోసుకుని ఆ నలభై రెండు ఛాతీ లోపలికొచ్చాడు! అదే మట్టిరంగు, అదే మెడ, అవే పొట్టిచేతులు, జేబులోంచి పసుపు గుడ్డ. దాంతో గడియారం తుడుస్తున్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. "మనింటి అల్లుడు ఈయనా?" అంది మీ అత్తయ్య. వెనకాలవాళ్లు నవ్వారు.

చివర్లో "దుస్తులు" అని నీ పేరు పడింది. అప్పుడు మీ అత్తయ్య పూర్తిగా లేచి నిలబడింది. కూర్చోమని అరిచినా కూర్చోలేదు. తెర నల్లబడ్డాక కూర్చుంది. అడగకుండా తీసుకున్నావని కోపమొచ్చిందా అంటే, రావాలనుకున్నాను గానీ రాలేదు.

ఇక్కడి తిప్పలు విను. వీధిలో అందరూ ఆ కోటే కుట్టించుకుంటున్నారు. ఇంకొకటి కుట్టమని వెళ్తే దర్జీ, "వరసలో రండి మాస్టారూ, మీకన్నా ముందు ఇరవైమంది ఉన్నారు" అన్నాడు. హెడ్‌మాస్టరు గారు నన్ను ఆపి, "ఈ వయసులో హీరోగారిని కాపీ కొట్టడమేమిటండీ, మనకి తగ్గట్టు మనముండాలి గాని" అని మెత్తగా చీవాట్లు పెట్టారు.

ఇవాళ హాలు సెక్రటరీ ఉత్తరం వచ్చింది. వచ్చే నెల మళ్లీ కచేరీ. కింద గీత గీసి మరీ రాశాడు: "దయచేసి ఈసారి సినిమావాళ్ల వేషంలో రావొద్దు. మీకంటూ ఒక సొంత పద్ధతి ఉంది. మాకు అదే ఇష్టం."

ఆ కోటే వేసుకుని వెళ్తున్నాను. ఇప్పుడే ఉతికి ఆరేశాను.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడుతున్న నీ మావయ్య

తా.క. నేను అత్తయ్యని. పెళ్లి హాలుకి ఇచ్చిన అడ్వాన్సు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాలే. ఈసారి హీరోయిన్ బట్టలు ఎంతకీ కుదరకపోతే డైరెక్టర్‌ని నాకు ఉత్తరం రాయమను. ఫోటో దిగి సిద్ధంగా ఉన్నాను.